రూపాయిన్నర

ఏటా ఫిబ్రవరి మొదలుకుని మే దాకా అమ్మ మా మొహాలు ముట్టుకునేది కాదు. తమ్ముడు ఏడిస్తే చేతికి కొంగు చుట్టుకుని కళ్లు తుడిచేది. నా జుట్టు మొహం మీద పడితే మోచేత్తో పక్కకు తోసేది. అన్నం కలిపి తమ్ముడికి ముద్దలు పెట్టే పని ఆ నాలుగు నెలలూ అక్కది. అమ్మ వేళ్లకు మిరపకాయ మంట పట్టి ఉండేది. ఎన్నిసార్లు కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట వదిలేది కాదు. రాత్రి పనులన్నీ అయ్యాక గిన్నెలో పుల్లమజ్జిగ పోసుకుని, రెండు చేతులూ అందులో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. అలాగే నిద్రపోయిన రోజులు కూడా ఉన్నాయి. అక్క మెల్లగా గిన్నె తీసి, చేతులు తుడిచి పడుకోబెట్టేది.

మిరపకాయ తొడిమను మా దగ్గర ముచ్చిక అంటారు. చాలామంది వ్యాపారులకు ముచ్చిక తీసిన కాయే కావాలి. ఆ రోజుల్లో మాకు తెలిసినంతవరకు ఆ పనంతా ఆడవాళ్ల వేళ్లదే. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న గోడౌన్లలో, కోల్డ్ స్టోరేజీల ఆవరణల్లో గోనెపట్టాలు పరుచుకుని కాయ కుప్పల ముందు వరసగా కూర్చునేవారు. ముక్కుకూ నోటికీ అడ్డంగా ఒక గుడ్డ. పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా. 1998లో అలా ఒక రోజంతా కూర్చుంటే అమ్మకు వచ్చిన కూలి 30 రూపాయలు. ఈ 30 రూపాయల సంగతి మళ్లీ వస్తుంది, అందుకే ముందే చెబుతున్నాను.

నాన్న యార్డులో ముఠా కూలీ, అంటే జట్టుగా బస్తాలు మోసేవాళ్లలో ఒకడు. మిరప బస్తాను అక్కడ టిక్కీ అంటారు. 40 కిలోల పైమాటే ఉంటుంది. రాత్రంతా పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కర్నూలు నుంచి లారీలు వచ్చి నిలిచేవి. తెల్లవారకముందే దింపుడు. తరువాత కమిషన్ కొట్ల ముందు కాయ చూడటం, బేరం, కాటా, మళ్లీ ఎత్తుడు. ఒక్కో టిక్కీ గుంటూరు దాటేలోపు ఎన్ని వీపుల మీదుగా వెళ్లేదో! ఆసియాలోనే అతిపెద్ద మిర్చి మార్కెట్ అని మా ఊరి గురించి పేపర్లలో రాసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ పేరును మోసినవాళ్లలో మా నాన్న ఒకడు. మెడ వెనక బస్తా ఆనే చోట నాన్నకు చర్మం కాయ కాసి గట్టిపడింది. చిన్నప్పుడు వీపెక్కి దాన్ని వేలితో నొక్కి చూసేదాన్ని. నొప్పిగా లేదా నాన్నా అని అడిగితే, "అక్కడ నొప్పి తెలియదమ్మా, కిందెక్కడో తెలుస్తుంది" అనేవాడు.

శనివారం బట్వాడా. వారం మొత్తం మోసిన టిక్కీల లెక్క కట్టి, వచ్చిన సొమ్మును మేస్త్రీ ముఠాలో అందరికీ పంచేవాడు. జ్వరం వచ్చి రెండు రోజులు రాని మనిషికి కూడా ఎంతో కొంత వేసేవారు. ఆ మంచితనం ఏ చట్టంలోనూ రాసిలేదు, వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. సీజనులో ఇల్లు నడిచిపోయేది. ఎండాకాలం దాటి వానలు మొదలయ్యాక యార్డుకు కాయ తగ్గిపోతుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాకా అప్పులే.

అమ్మకు చదువు రాదు. అప్పుల లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు. వంటింటి గూట్లో మూడు డబ్బాలు ఉండేవి. ఒకటి ఇంటి అద్దెకు, ఒకటి కొట్టు బాకీకి, ఒకటి ఫైనాన్సు అతనికి. ఆ ఫైనాన్సు అతను 1,000 రూపాయలు అప్పు రాసుకుని 900 చేతిలో పెట్టేవాడు. రోజుకు 10 చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం సందులో అతని సైకిలు గంట వినబడితే చాలు, మా ఇంట్లో మాటలు ఆగిపోయేవి. శనివారం రాత్రి నాన్న తెచ్చిన డబ్బును అమ్మ నేల మీద పరిచి మూడు డబ్బాల్లోకి పంచేది. ఒక డబ్బాలోది తీసి ఇంకో డబ్బాలో వేసేది. మళ్లీ తీసి, చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది. ముందు ఎవరికి కట్టాలి? రెండు రోజులు ఆగమంటే ఎవరు ఆగుతారు? ఎవరు వీధిలో నిలబడి అరుస్తారు? నా సంసారం నాకు వచ్చాక గానీ ఆ కూర్చోవడంలో ఎంత ఓర్పు ఉందో నాకు తెలియలేదు. రాష్ట్రానికి బడ్జెట్టు వేసేవాళ్ల ముందు ఇంతకన్నా పెద్ద అంకెలు ఉంటాయి. ఇంతకన్నా కష్టమైన లెక్క ఉంటుందని మాత్రం నేను అనుకోను. నేను ఇప్పుడు బడిలో లెక్కలే చెబుతాను, ఆలోచించే అంటున్నాను.

1997 వానాకాలంలో తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. పెద్దాసుపత్రిలో పదిహేను రోజులు ఉంచాల్సి వచ్చింది. అమ్మ చెవుల కమ్మలు పట్నం బజారులో తాకట్టుకు వెళ్లాయి. చెవి బెజ్జాలు పూడిపోకుండా అమ్మ వేపపుల్లలు చిన్నగా విరిచి గుచ్చుకుంది. కమ్మలు మళ్లీ వస్తాయన్న నమ్మకం ఉన్నవాళ్లే పుల్లలు గుచ్చుకుంటారు. ఆ పుల్లలు అమ్మ చెవులకు ఏళ్ల తరబడి ఉన్నాయి.

ఇంత ఒడిదుడుకుల్లోనూ మా ఇంట్లో పొయ్యి ఆరలేదంటే అది రేషన్ బియ్యం చలవే. 1983లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యాక కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. నేను పుట్టకముందు మాట అది. అంతకు ముందు అన్నం ఒక పూటే వండేవాళ్లమని, రెండో పూట జొన్న సంకటో, గంజో అని నాయనమ్మ చెప్పేది. 1996లో ఆ బియ్యం కిలో మూడున్నర అయింది. మా కార్డు మీద నెలకు 20 కిలోలు వచ్చేవి. 40 రూపాయలతో అయిపోయేది 70కి ఎక్కింది. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. కూరలో నూనె తగ్గింది. నెలకోసారి తెచ్చుకునే చేపలు మానేశాం.

1998 ఫిబ్రవరిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. నేను అప్పుడు ఏడో తరగతి, పబ్లిక్ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఒక సాయంత్రం మా పేటలో పార్టీ పనులు చూసే ఒకాయన వచ్చి, "చెల్లెమ్మా, రేపు పొద్దున పెద్దాయన మన పేటకు వస్తున్నారు. ముఠా కూలీ ఇంట్లో కూర్చుని టీ తాగాలని ఆయన కోరిక. మీ ఇల్లయితే సందు మొదట్లో ఉంది, పేపరువాళ్లు నిలబడటానికి చోటుంటుంది" అని చెప్పి వెళ్లాడు. పెద్దాయన అంటే వేరే జిల్లా నుంచి ప్రచారానికి వచ్చిన నాయకుడు. పేరు రాయను. ఏ పార్టీయో కూడా రాయను. ఆ తరువాత అన్ని పార్టీలవాళ్లూ మా సందుకు వచ్చారు, అందరినీ చూశాను కాబట్టి ఒకరి పేరు చెప్పడం న్యాయం కాదు.

ఆ రాత్రి అమ్మకు నిద్ర లేదు. చీకటితో లేచి ముందు గోడకు సున్నం కొట్టింది. చేతుల మంట మీద సున్నం ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేసింది. నన్ను శెట్టిగారి కొట్టుకు పంపింది. పంచదార, టీ పొడి, బిస్కెట్ పొట్లాలు. "ఏమిటమ్మాయ్, ఇంట్లో పెళ్లిచూపులా?" అని అడిగారు శెట్టిగారు, ఖాతా పుస్తకంలో రాసుకుంటూ. పాలు కూడా ఆ కొట్టులోనే. గాజు గ్లాసులు ఎదురింటి వదినవి ఆరు, వెనకింటి పిన్నివి ఆరు. కుర్చీ మా బడి మాస్టారింటి నుంచి అక్క నెత్తిన పెట్టుకుని తెచ్చింది. మొత్తం కలిపి ఖాతాలో 52 రూపాయలు ఎక్కాయి. అమ్మ ఆ రోజు ముచ్చికలకు వెళ్లలేదు, ఆ 30 కూడా పోయింది.

నాన్న యార్డుకు వెళ్లక తప్పలేదు. సీజనులో ఒక మనిషి తగ్గితే ఆ బరువు మిగతా ముఠా మీద పడుతుంది. ఆ పెద్దాయన వచ్చిన వేళకు మా సందులో పనికి వెళ్లే మగవాళ్లు ఒక్కరు కూడా లేరు. ముఠా కూలీతో కూర్చుని టీ తాగాలని వచ్చిన మనిషి, ఆ కూలీ ఏడని అడగలేదు. నాన్న గురించి ఒక్క మాట అడిగి ఉంటే ఇది నేను ఇంతగా గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో.

తొమ్మిదింటికి వస్తామన్నారు, పదకొండున్నరకు వచ్చారు. పాలు నాలుగుసార్లు మరిగాయి. చిక్కబడ్డాయని అమ్మ కంగారుపడి కొంచెం నీళ్లు కలిపింది, మళ్లీ పల్చబడ్డాయని కంగారుపడింది. వెంట పాతికమంది దాకా ఉన్నారు. సందు నిండిపోయింది.

ఆయన మంచిగానే ఉన్నాడు. ఆ మాట చెప్పాలి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. తమ్ముడి తల నిమిరాడు. నన్ను ఏ తరగతి అని అడిగి, బాగా చదువుకోమన్నాడు. కెమెరాలు మెరిశాయి. రెండు గుక్కలు తాగి, "బాగుందమ్మా" అని గ్లాసు కింద పెట్టాడు. తరువాత అడిగాడు.

"బియ్యం సరిగ్గా అందుతున్నాయా అమ్మా?"

"అందుతున్నాయయ్యా. ధరే పెరిగింది."

"ఎంత పెరిగిందమ్మా? రూపాయిన్నరే కదా!"

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపుగానూ అనలేదు. చిన్నపిల్లను ఊరడించినట్టు నవ్వుతూ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మ కూడా మర్యాదకు నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. సున్నం మరకలున్న చేతులు కొంగులో దాచుకుని, ఇంటికి వచ్చిన పెద్దమనిషి మనసు కష్టపడకూడదని నవ్విన నవ్వు అది.

వాళ్లు వెళ్లిపోయాక అమ్మ వాకిట్లో కూర్చుని గ్లాసులు తోముతూ నన్ను పిలిచింది.

"ఇరవై రూపాయిన్నరలు ఎంతే?"

"ముప్పై" అన్నాను వెంటనే. ఏడో తరగతి పిల్లకు అదొక లెక్కా!

అమ్మ చేయి ఆగింది. తన వేళ్ల కొసల వంక చూసుకుంది. ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "ఒక రోజు" అంది. మళ్లీ గ్లాసు అందుకుంది.

ఆ ఒక్క మాట నాకు అర్థం కావడానికి ఆ సాయంత్రం దాకా పట్టింది. నెలకు ఒక రోజు. ఏడాదికి పన్నెండు రోజులు అమ్మ ఆ రూపాయిన్నర కోసమే ఆ కాయ కుప్ప ముందు కూర్చోవాలి. పన్నెండు రాత్రులు ఆ మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకోవాలి. ఆయనకు ఇది ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేకపోయింది. వెంట ఉన్న పాతికమందిలో కొందరికి తెలిసే ఉంటుంది, వాళ్లు నవ్వారు. ఆయన మీద కన్నా ఆ నవ్వినవాళ్ల మీదే నాకు ఎక్కువ కోపం. వాళ్లలో మా పేటవాళ్లు కూడా ఉన్నారు.

సాయంత్రం నాన్న వచ్చి, చేతులూ కాళ్లూ కడుక్కుంటూ అడిగిన మొదటి మాట, "టీ బాగుందన్నారా?"

"బాగుందన్నారు" అంది అమ్మ.

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయింది."

రూపాయిన్నర సంగతి అమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు నాన్న యార్డు దగ్గర ఎవరి పేపరో అడిగి తెచ్చాడు. ఫొటోలో ఆయన ఉన్నాడు, గ్లాసు ఉంది, మా సున్నం గోడ ఉంది. అమ్మ మోచెయ్యి మాత్రం పడింది. నాన్న ఆ మోచేతి మీద వేలు పెట్టి, "ఇదిగో మీ అమ్మ" అని మాకు చూపించాడు. ఎంత సంతోషంగా చూపించాడో! ఆ కాగితం ముక్కను కత్తిరించి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాడు. కొట్టులో ఎక్కిన 52 రూపాయలు మూడు శనివారాలకు తీరాయి.

ఆ రోజుల్లో తాతయ్య మా దగ్గరే ఉండేవాడు. సత్తెనపల్లి పక్క పల్లెటూరి మనిషి. ఆయనకు మాత్రం నేను జరిగింది చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత వావిలాల గోపాలకృష్ణయ్యగారి మాట ఎత్తాడు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన మనిషి, ఖద్దరు బట్టలు, భుజానికి సంచి. నాగార్జునసాగర్ కావాలని తిరిగినవాళ్లలో ఒకరు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారట అని కూడా చెప్పాడు. "వాళ్లకు డబ్బు లేక కాదే, వద్దనుకున్నారు. నడిచేవాడికి, సైకిలు తొక్కేవాడికి దారిలో నలుగురు తగులుతారు. నాలుగు మాటలు చెబుతారు. కారు అద్దం ఎత్తుకుని పోయేవాడికి ఏం వినబడుతుంది?" అన్నాడు. తాతయ్య మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. నడిచినవాళ్లందరూ మంచివాళ్లు కారు, ఓట్ల కోసం వందల కిలోమీటర్లు నడిచినవాళ్లను తరువాత చూశాం. అయినా, మన మధ్య బతికిన మనిషికి రూపాయిన్నర బరువు ఒకరు చెప్పనక్కరలేదన్న మాట నిజం.

ఆ తరువాత ఆ "కదా" అనే మాట నా చెవిలో పడుతూనే ఉంది. 2000లో కరెంటు ఛార్జీలు పెంచినప్పుడు యూనిట్‌కు కొన్ని పైసలే కదా అన్నారు. మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. అమ్మ రాత్రి ఫ్యాను ఆపేసి విసనకర్రతో మాకు విసిరేది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఛార్జీల మీద ఆందోళనకు దిగిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. మనుషుల ప్రాణాలు పోయాయి. రేడియోలో ఆ వార్త విని నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "బిల్లు కట్టలేమని చెప్పడానికి వెళ్లినవాళ్లే కదమ్మా వాళ్లు" అన్నాడు. నాన్న నోట నేను విన్న "కదా" అదొక్కటే.

2004 ఎన్నికలప్పటి మాట. అభ్యర్థులు తమ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలని అంతకు ముందే సుప్రీంకోర్టు చెప్పింది. పేపర్లలో ఆ వివరాలు వేశారు. నేను అప్పటికి డిగ్రీలోకి వచ్చాను. నాన్నకు ఒకాయన వివరాలు చదివి వినిపించాను. భూములు ఇన్ని ఎకరాలు, బంగారం ఇంత, బ్యాంకులో ఇంత. నాన్న తల ఊపుతూ విన్నాడు. అప్పులు చదివేసరికి ఆగమన్నాడు.

"మళ్లీ చదువు."

చదివాను. కోటికి పైగా అప్పు.

"ఇంత అప్పు పెట్టుకుని ఈయనకు నిద్ర ఎలా పడుతుందమ్మా?" అన్నాడు నాన్న. నిజంగానే అడిగాడు. ఆయన మొహంలో జాలి కనిపించింది. 900 తీసుకుని 1,000 కట్టడానికి వంద రోజులు నిద్ర పోగొట్టుకున్న మనిషి కదా, అప్పు అంటే అందరికీ ఒక్కటే అనుకున్నాడు. ఆ అప్పు వేరు నాన్నా అని వివరించబోయి మానుకున్నాను. తన ఓటు అడిగే మనిషి కష్టం గురించి నాన్న ఆలోచించాడు. నాన్న నిద్ర గురించి అటువైపు నుంచి ఎవరు ఆలోచించారు?

మేలు చేసినవాళ్లను మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. ఇది కూడా రాయాలి. డ్వాక్రా సంఘం లేకపోతే అమ్మ కమ్మలు తిరిగి వచ్చేవి కావు. రోజుకు ఒక రూపాయి పొదుపుతో మొదలుపెట్టారు మా సందు ఆడవాళ్లు. బ్యాంకు అప్పు వచ్చాక ముందు ఫైనాన్సు అతని కార్డు చింపేశారు. వేపపుల్లలు తీసి కమ్మలు పెట్టుకున్న రోజు అమ్మ ఇంటింటికీ వెళ్లి చూపించి వచ్చింది. 2008లో బియ్యం మళ్లీ 2 రూపాయలు చేశారు, 2011లో రూపాయి చేశారు. అమ్మ ప్రతిసారీ దండం పెట్టింది. అదే సంఘాల ఆడవాళ్లను తరువాత ప్రతి సభకూ లారీలు ఎక్కించి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. రాకపోతే ఈసారి అప్పు రాదని భయపెట్టేవాళ్లు. ఒకసారి ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెట్టారు. పులిహోర పొట్లం ఒకటి చేతికిచ్చారు. అమ్మ అది తినకుండా తమ్ముడికని ఇంటికి తెచ్చింది, అప్పటికే పాడైపోయింది. సభలో ఏం చెప్పారమ్మా అని అడిగితే, "మన గురించే చెప్పారంట, మైకు వెనక వరకు వినపడలేదు" అంది.

ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పని పరిస్థితుల కోసం, సంక్షేమం కోసం మన రాష్ట్రంలో 1976లోనే ఒక చట్టం చేశారు. పేరులోనే ముఠా అని ఉంది. నాన్న యార్డులో మొదటి బస్తా ఎత్తినది ఆ తరువాతే. అయినా అలాంటి చట్టం ఒకటి ఉందని నాన్నకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసేసరికి నాన్న మూటలు మోయడం మానేశాడు. ఒక సెలవు రోజున దాని గురించి చదివి నాన్నకు చెప్పాను. "మా పేరు మీదే?" అని రెండుసార్లు అడిగాడు. ఆ ఆశ్చర్యాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఎన్నికలకు వచ్చి దండాలు పెట్టినవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈ మాట యార్డు గేటు దగ్గర నిలబడి చెప్పి ఉండకూడదా?

నాన్న చివరి రోజులు యార్డులో 2016 చలికాలం. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు చెల్లవన్నారు. ఆ శనివారం బట్వాడా అన్నీ పాత 500 నోట్లే. ఒంట్లో ఓపిక లేకపోయినా రెండు రోజులు బ్యాంకు ముందు వరసలో నిలబడ్డాడు. యాభై రోజులు ఓర్చుకోమన్నారు. యాభై రోజులే కదా అని టీవీలో ఎవరో అంటుంటే అమ్మ లేచి వెళ్లి టీవీ ఆపేసింది. నేను పుట్టాక అమ్మ ఒకరి మాట మధ్యలో ఆపడం చూసింది ఆ ఒక్కసారే.

2019లో నాన్న పోయాడు. ట్రంకు పెట్టె సర్దుతుంటే రేషన్ కార్డు కవర్లో ఆ పేపరు ముక్క కనబడింది. పసుపు రంగుకు తిరిగి మడతల దగ్గర చిరిగింది. అమ్మ మోచెయ్యి ఉన్న చోట మడత పడకుండా చూసి మడిచాడు నాన్న.

అమ్మ ఇప్పటికీ ఆ సందులోనే ఉంటుంది. నా దగ్గరకు రమ్మంటే నాలుగు రోజులు ఉండి వెళ్లిపోతుంది. వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గింది. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. మనవరాలి మొహాన్ని మాత్రం రెండు చేతులతో పట్టుకుని గంటల తరబడి ముద్దు చేస్తుంది. మాకు చేయలేకపోయినదంతా దానికి చేస్తోంది.

2024 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం జోరుగా ఉన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. డప్పులు వినబడ్డాయి. ఒక యువ నాయకుడు సందు మొదట్లో ఉన్న మా గుమ్మం ముందు ఆగి దండం పెట్టాడు. అమ్మ ముఖం వెలిగింది. "లోపలికి రా నాయనా, ఎండలో తిరుగుతున్నావు" అని కుర్చీ వేసింది. నేను వద్దంటున్నా వినకుండా పొయ్యి మీద పాలు పెట్టింది.

"ఎందుకమ్మా, అంత జరిగాక కూడా?" అన్నాను వంటింట్లో, గొంతు తగ్గించి.

"ఇంటికి వచ్చినవాడికి టీ ఇవ్వకుండా ఎలా పంపుతామే?" అంది.

ఆ అబ్బాయి కుర్చీలో ఒక నిమిషం కూర్చున్నాడు. ఫోన్లతో ఫొటోలు తీశారు. అమ్మ గ్లాసు తెచ్చేసరికి వెనక ఎవరో టైం అయిపోతోందన్నారు. పక్కనున్న మనిషి సీసా మూత తీసి అతనికి నీళ్లు అందించాడు. నీళ్లు తాగి, అమ్మకు మళ్లీ దండం పెట్టి, తరువాతి గుమ్మానికి వెళ్లిపోయాడు. డప్పులు సందు చివరకు వెళ్లేదాకా అమ్మ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

తరువాత లోపలికి వచ్చి, టీని మళ్లీ గిన్నెలో పోసి వేడి చేసి, రెండు గ్లాసుల్లోకి సమంగా ఒంచింది. ఒకటి నా చేతికిచ్చి, నా మొహం మీద పడిన జుట్టును వేళ్లతో వెనక్కు తీసింది.